మంగళం దొరకని బంతి కథ

కాలికి గజ్జె కట్టుకోవడం తేలికేనని, విప్పుకోవడానికి మాత్రం ఒక దేశం దేశమంతా సాయపడవలసి రావచ్చునని సుధామణి భాగవతారిణికి యాభై దాటాక గాని తెలియలేదు.

ఆమె గురుపరంపరలో రెండు నియమాలున్నాయి. కుడికాలికి గజ్జె కట్టి కథ ఎత్తుకున్నాక, ఆ కథకు మంగళం పాడేదాకా గజ్జె విప్పరాదు, మరొక కథ ఎత్తుకోరాదు. ఇది మొదటిది. నాయకుడు కష్టంలో ఉండగా మంగళం పాడరాదన్నది రెండవది. అడవులపాలైనవాణ్ణి సింహాసనం ఎక్కించాలి, మొసలి నోట చిక్కిన ఏనుగును ఒడ్డుకు చేర్చాలి, చెరలో ఉన్న తల్లిని అయ్య పక్కన కూర్చోబెట్టాలి. హారతి పళ్ళెం కదలవలసింది ఆ తరువాతనే. "నాయకుణ్ణి నీళ్ళలో వదిలేసి నువ్వు బస్సెక్కి ఇంటికి పోతావుటే?" అని గురువుగారు చిడతలతో నేల మీద కొట్టి మరీ చెప్పేవారు. సుధామణి ఆ నియమాలను తలదాల్చింది. తలదాల్చడంలో ఆమెకు కలిగిన ఇబ్బంది కూడా ఏమీ లేదు. ఆమె చెప్పిన ప్రతి కథా కల్యాణంలోనో పట్టాభిషేకంలోనో ముగిసేది. గజ్జె కట్టిన మూడు గంటలకు విప్పేసి, బిస్కట్ల డబ్బాలో పెట్టుకుని ఇంటికి వచ్చేసేది.

ఇల్లు విజయవాడలో, గుణదల కొండకు వెళ్ళే సందులో. భర్త కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి గతించినవారు. ఊళ్ళో కరెంటు సక్రమంగా ఉన్నప్పుడు మాత్రమే ఇంట్లో కనిపించేవారు కనుక, ఆయన ఉన్నంతకాలమూ ఆమెకు ఏకాంతం అలవాటే. పక్క వాటాలో అమలమ్మ ఉండేది. మేరీమాత గుడి మెట్లు మోకాళ్ళ మీద ఎక్కిన భక్తురాలు. వీరిద్దరి మధ్య ఎన్నడూ మతచర్చ జరగలేదు. చింతకాయ పచ్చడి చర్చ మాత్రం ఏటా జరిగేది.

సుధామణికి సభాభయం లేదు. హనుమాన్ జంక్షన్‌లో ఒక శ్రీరామనవమికి కథ చెబుతూ ఉండగా, పందిరి పక్కన ఆగిన లారీలన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. ఆమె చెయ్యెత్తి, "అవిగో, పెళ్ళివారి ఏనుగులు వచ్చాయి! విడిది చూపించండి" అన్నది. డ్రైవర్లు కూడా దిగివచ్చి కూర్చున్నారు. అలాంటి మనిషికి తొంభైల చివరకు వచ్చేసరికి పిలుపులు పలచబడ్డాయి. పందిళ్ళలోకి ఆర్కెస్ట్రాలు వచ్చాయి. జనం సాయంత్రమైతే టీవీల ముందునుంచి కదలడం మానేశారు. మిగిలిందల్లా విజయవాడలో ఒక పందిరివారు నవమికి ఇచ్చే తొమ్మిదిరోజుల వరుస కథలు, ఊళ్ళమీద ఒకటీ అరా. మృదంగం తిరుపతిరావు మాత్రం ఆమెను వదలలేదు. సహకార బ్యాంకులో పనిచేసి విరమించిన మనిషి. ఎదుటివారిని ఎగతాళి చెయ్యదలిస్తే సగం నోటితోను, సగం మృదంగంతోను చేసేవాడు.

రెండువేల సంవత్సరం ఆషాఢానికి ముందు ఒక ఉదయం, బందరు అవతల సముద్రపొడ్డు పాలెం నుంచి ఇద్దరు వచ్చారు. పోలరాజు మరపడవకు సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. కూడా వచ్చినది అతని భార్య, చేపల వ్యాపారం చేసే పేరమ్మ. పోలరాజు కుడికాలు కొద్దిగా కుంటుతున్నాడు. పేరమ్మ చేతిలో ఒక సంచి ఉంది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆమెకు ఇంటివారి పద్ధతి గుర్తువచ్చి, గిరుక్కున వెనుదిరిగి, సంచిలోని ఎండురొయ్యలు పక్కవాటా అమలమ్మకు ఇచ్చేసి, వట్టి చేతులు చీరకు తుడుచుకుంటూ తిరిగివచ్చింది.

"గంగమ్మ జాతరలో కథ చెప్పాలండి అమ్మగారూ" అన్నాడు పోలరాజు.

"తప్పకుండా నాయనా. ఏ కథ కావాలి? కల్యాణమా, పట్టాభిషేకమా?"

"ఫుట్‌బాల్ అండి."

సుధామణి, సాధనకు వచ్చి కూర్చున్న తిరుపతిరావు వైపు చూసింది. తిరుపతిరావు మృదంగం వైపు చూశాడు.

"మొక్కు అండి. మధ్యలో నవ్వకూడదు" అన్నది పేరమ్మ గట్టిగా.

సంగతి ఇది. కిందటి ఏడు దసరా తరువాత వేటకు వెళ్ళిన పోలరాజు మరపడవ ఇంజను చెడి, గాలికి కొట్టుకునిపోయింది. పడవలో ఆరుగురు. మంచినీళ్ళు అడుగంటిన దశలో ఎక్కడో భూమధ్యరేఖ దగ్గర ఒక దీవి కనిపించింది. అది దీవి మాత్రమే కాదు, జెండా, మంత్రులు, తపాలాబిళ్ళ అన్నీ ఉన్న ఒక దేశం. దాని పేరు పాలెంలో ఎవరికీ నోరు తిరగలేదు. దీవిదేశం అని స్థిరపరిచారు. అక్కడ పరాయివారికి వసతిగృహం లేదు. ఉన్నవాటిలో పెద్ద కప్పు ఫుట్‌బాల్ మైదానం గ్యాలరీది. దాని కిందే వీరికి చోటిచ్చారు. అన్నం పెట్టినవారు జాతీయ జట్టువారు, మందులిచ్చింది అక్కడి ఆస్పత్రిలో పనిచేసే కేరళ నర్సు. వీళ్ళలో కోటి అనేవాడు ఒకప్పుడు మద్రాసు హార్బరులో చేసినవాడు కనుక అరవం వచ్చు. నర్సు చెప్పింది కోటికి, కోటి చెప్పింది తక్కినవారికి అర్థమైంది. మూడు నెలల తరువాత ఒక ఓడ వీరిని మద్రాసు చేర్చింది.

"వచ్చేటప్పుడు ఆ జట్టు కెప్టెన్ని అడిగానండి. ఇన్నాళ్ళు కూడు పెట్టావు, నీకేం చేసుకోగలం అని. ఆయన రొట్టెలు కాల్చుకునే మనిషండి. 'మాకేం వద్దు. మాకో జట్టుందని బయట ఒక్కరికీ తెలవదు, మీ ఊళ్ళో చెప్పండి చాలు' అన్నాడు. నేను ఓడ మీద గంగమ్మ తల్లికి మొక్కాను. వొడ్డుకి చేరిస్తే వాళ్ళ కథ మొత్తం నీ ముందు చెప్పిస్తాను, మంగళం దాకా అని."

సుధామణికి ఒళ్ళు పులకరించింది. అన్నదాతల కీర్తిని దేవత ఎదుట గానం చేయించాలన్న మొక్కు ఆమె విన్న మొక్కులలో శ్రేష్ఠమైనది. ఇతిహాసాలను నోట పలికించుకున్న తాను ఒక బంతికి వెనుదీయడమా అన్న పౌరుషం కూడా కలిగింది. నాలుగు రోజులు పోలరాజును కూర్చోబెట్టి ఆ జట్టు పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టింది. పాటలు కట్టింది. యుద్ధవర్ణనలు సిద్ధం చేసింది. ఒక్కటి మాత్రం అడగలేదు. ఏ కథనూ "చివరికి ఏమైంది?" అని అడగవలసిన అవసరం ఆమెకు జన్మలో కలగలేదు మరి.

జాతరనాడు దీపాలు పెట్టే వేళకు గంగమ్మ గుడి ముందు పాలెమంతా కూర్చున్నది. సుధామణి కుడికాలికి గజ్జె కట్టి, పూలదండ వేసుకుని, చిడతలు అందుకున్నది.

"ఆ దేశం ఎంతటిదయ్యా అంటే, తూర్పున నిలబడి తుమ్మితే పడమటివారు 'చిరంజీవ' అనేటంతటిది! బంతిని బలంగా తన్నితే సముద్రంలో పడుతుంది. అందుచేత ఆ జట్టులో పదకొండుమంది ఆటగాళ్ళు, పన్నెండవవాడు ఈతగాడు!"

జనం విరగబడి నవ్వారు. కథ నడిచింది. పూర్వం ఒక ఓడ చెడిపోయి ఆ దీవి దగ్గర ఆగింది. మరమ్మతు పూర్తయ్యేదాకా పొద్దుపోక నావికులు దీవి యువకులతో బంతి ఆడారు. దీవివారు ఓడారు. ఓడ వెళ్ళిపోయింది. బంతి మిగిలింది, ఆశ మిగిలింది. తొలిసారి పరదేశం పోయి ఆడినప్పుడు సరుకు పడవలో అన్ని రోజులు ఊగి ఊగి వెళ్ళినవారు కనుక, మైదానం ఊగకపోవడంతో తూలి పడ్డారు. రెండవ పోరు స్వదేశంలోనే. విరామం తరువాత సముద్రం పోటెత్తి గోల్‌కీపర్‌కు మోకాలిలోతు నీళ్ళు వచ్చాయి, బంతి తనంతట తాను తేలుకుంటూ గోలులోకి వెళ్ళింది. మూడవసారి దీవివారు నిజంగానే ఒక గోలు కొట్టారు. గంటలు మోగాయి. మంత్రి అక్కడికక్కడే సెలవు ప్రకటించాడు. అంతకుముందే రిఫరీ విజిల్ ఊదాడని, గోలు చెల్లదని పిమ్మట తెలిసింది. "గోలు పోయింది గాని, నాయనలారా, సెలవు పోలేదు! ఆ దేశంలో ఇప్పటికీ ఏటా ఆ రోజున బడి లేదు!"

ఇలా ఓటమి మీద ఓటమిగా కరుణరసం పండించి, ఇక వీరరసానికి రంగం సిద్ధం చేసుకుని, సుధామణి తిరుపతిరావుకు సైగ చేసింది. అతను మృదంగం మీద పాట లేకుండా ఒంటరిగా తని వాయిస్తున్న సందులో, ముందు వరుసలో ఉన్న పోలరాజు దగ్గరకు వంగి అడిగింది.

"గెలిచింది ఎవరి మీద?"

"ఎవరండి?"

"మీ దీవివాళ్ళు నాయనా! చివరికి ఎవరి మీద గెలిచారు?"

"వాళ్ళా? వాళ్ళెప్పుడూ గెలవలేదండి" అన్నాడు పోలరాజు నిర్మలంగా.

తిరుపతిరావు వాయించవలసినదంతా వాయించాడు. ఆమె ముఖం చూసి మళ్ళీ మొదటినుంచి వాయించాడు. చేతులు నొప్పి పుట్టి ఆపాడు.

సుధామణి గొంతు సవరించుకుని, "అంతట ఒక శుభదినాన ఆ వీరులు కత్తులవంటి కాళ్ళతో..." అని ఎత్తుకున్నదో లేదో, జనంలోనుంచి పేరమ్మ లేచింది.

"ఆగండమ్మా! ఇది మా ఆయన చెప్పలేదే. ఎప్పుడు గెలిచారు?"

"కథకు ఒక అలంకారం..."

"అమ్మోరి ముందు అబద్ధమా? రేపు పొద్దున మా పడవలు నీళ్ళలోకి దిగాలి. మీ అలంకారం వచ్చి ఒడ్డుకు లాగుద్దా?"

పాలెం పెద్దలందరూ అవునన్నారు. సుధామణి మనస్సు కూడా లోలోపల అవుననే అన్నది. నాయకులు ఓడి ఉండగా మంగళం లేదు. అబద్ధంతో గెలిపించే వీలు లేదు. ఆమె చిడతలు కళ్ళకద్దుకుని, "తరువాయి అమ్మవారి చిత్తం" అని వేదిక దిగింది. గజ్జె కాలికి అలాగే ఉంది.

మరునాడు బందరు నుంచి వచ్చే బస్సులో ఆమె కుడికాలు సీటు కిందికి ముడుచుకుని కూర్చున్నది. గతుకు వచ్చినప్పుడల్లా బస్సంతా ఘల్లుమన్నది. కండక్టరు రెండుసార్లు వంగి చూసి, "మేకపిల్లుంటే టిక్కెట్టు తియ్యాలమ్మా" అన్నాడు.

ఆనాటినుంచి గుణదల సందుకు ఒక కొత్త ధ్వని వచ్చింది. పాలకేంద్రానికి ఘల్లు, కూరల బండికి ఘల్లు, గుడికి ఘల్లు. ఒకే కాలికి కావడంచేత ఒక అడుగు మోగి ఒక అడుగు మోగక, విన్నవారికి ఏదో పోగొట్టుకున్నట్టుండేది. స్నానానికి ప్లాస్టిక్ సంచి చుట్టుకునేది. నిద్రలో కాలు కదిపితే తానే ఉలిక్కిపడి లేచేది.

"వదినగారూ, మీరొస్తుంటే గంగిరెద్దు వస్తుందని బియ్యం పట్టుకుని బయటికొచ్చానండి" అన్నది అమలమ్మ ఒకనాడు.

"ఆ బియ్యం ఇలా పడెయ్యండి. ఎద్దు కంటే నాకే అవసరం" అన్నది సుధామణి.

అది వట్టి హాస్యం కాదు. గజ్జె ఉండగా మరొక కథ ఎత్తుకోరాదు కనుక కార్తికమాసంలో వచ్చిన రెండు పిలుపులూ వదులుకున్నది. నవమి పందిరి కమిటీ అధ్యక్షుడు సిద్ధార్థ స్వయంగా ఇంటికి వచ్చాడు. యువకుడు, ఆటోమొబైల్ దుకాణం యజమాని, మర్యాదస్థుడు.

"అమ్మా, ఇరవై రెండేళ్ళుగా నవమి కథలు మీవి. మీ నియమం మీదైతే మాకూ గౌరవమే. కానీ ఉగాదికల్లా ఏ సంగతీ తేల్చకపోతే, మావాళ్ళు మ్యాజిక్ షోకి అడ్వాన్సు ఇచ్చేస్తామంటున్నారు."

"రాముడి పందిట్లో మ్యాజిక్ షోనా?"

"మనిషిని పెట్టెలో పెట్టి కోస్తాడంట అమ్మా. పిల్లలు అడుగుతున్నారు."

అతను వెళ్ళాక సుధామణి కుడికాలు చాపుకుని గజ్జె వంక చూస్తూ కూర్చున్నది. ఒకసారి మ్యాజిక్ షో వచ్చిన పందిట్లోకి హరికథ మళ్ళీ రాదని ఆమెకు తెలుసు. ఈ గజ్జె నవమికి ముందు విడివడకపోతే ఇక ఎప్పుడు విడివడినా ఒకటే. గురువుగారి నియమాన్ని పక్కన పెట్టి విప్పి పారేయవచ్చుననే ఆలోచన ఒక్కసారి వచ్చింది. వచ్చినందుకు లెంపలు వేసుకున్నది.

అప్పటినుంచి ఆ జట్టు గెలుపు కోసం విజయవాడలో జరిగినంత ప్రయత్నం ఆ దేశంలో కూడా జరిగి ఉండదు. తిరుపతిరావు బెంజి సర్కిల్ దగ్గరి ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి, పరీక్షాఫలితాల కోసం వచ్చిన విద్యార్థుల వరుసలో నిలబడి, ఫుట్‌బాల్ ఫలితాలు చూసి వచ్చేవాడు.

"ఏమైంది తమ్ముడూ?"

"ఓడారు అక్కయ్యగారూ. అయితే కిందటిసారి ఏడు గోళ్ళు, ఈసారి నాలుగే. అభివృద్ధి కనిపిస్తోంది."

మరొకసారి వాన వచ్చి ఆట ఆగిపోయింది. ఇంకొకసారి అవతలివారి విమానం రాలేదు. రాకపోతే గెలిచినట్టే కదా అని సుధామణి ఆశపడింది. విమానం మర్నాడు వచ్చిందట, దిగి, గెలిచి, వెళ్ళిందట.

ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలు వచ్చాయి. కొండంతా జనం. అమలమ్మ కొవ్వొత్తి పట్టుకుని బయలుదేరుతూ సుధామణి గుమ్మంలో ఆగింది.

"వదినగారూ, మీ దేశం పేరేంటో ఒకసారి చెప్పండి. మాతతో చెప్పాలి గదా."

"నాకే సరిగా పలకడం రాదండీ. దీవిదేశం అనండి చాలు, తల్లి గ్రహిస్తుంది."

అమలమ్మ కొండ ఎక్కి కొవ్వొత్తి వెలిగించింది. ఆ వారమే ఆట. తిరుపతిరావు పరుగున వచ్చాడు. విరామానికి దీవివారిది ఒక గోలు, అవతలివారిది సున్న! ముగ్గురూ కలిసి మళ్ళీ సెంటరుకు వెళ్ళారు. మెట్లెక్కుతున్న గజ్జె చప్పుడుకు విద్యార్థులంతా తలలు తిప్పారు. తెర మీద తుది ఫలితం నెమ్మదిగా దిగింది. ఒకటికి అయిదు. అమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "నేను చిన్న కొవ్వొత్తి వెలిగించాను వదినగారూ, సగం ఆటకే సరిపోయింది" అన్నది.

ఉగాది దగ్గరపడింది. సుధామణి ఒక నిశ్చయానికి వచ్చింది. దేవత ఎదుట తలపెట్టిన కథకు ముగింపు ఉండకపోదు, ఉన్నదాన్ని తానే సరిగా వినలేదేమో. తిరుపతిరావును వెంటబెట్టుకుని, ఘల్లుఘల్లుమంటూ పాలెం చేరి, పోలరాజు ఇంటి అరుగు మీద కూర్చుని, ఆరుగురినీ పిలిపించింది.

"దీవిలో దిగిన రోజు నుంచి ఓడ ఎక్కిన రోజు దాకా ఏం చేశారో చెప్పండి. తిన్నది, ఉన్నది, అన్నీ."

చెప్పారు. వలలు అల్లడం నేర్పినది, రొట్టెలు తినలేక ఏడ్చినది, కెప్టెన్ భార్య చేపల పులుసు తిని కారం లేదని కోటి కన్నీరు పెట్టుకున్నది, అంతా చెప్పారు. ఓడ వచ్చేముందు ఆదివారం దగ్గరకు వచ్చేసరికి అందరి నోళ్ళూ ఒక్కసారిగా మూతపడ్డాయి.

"ఆ ఆదివారం ఏం చేశారు?"

"పడుకున్నామండి" అన్నాడు పోలరాజు.

"చేపలు ఎండేశామండి" అన్నాడు కోటి అదే క్షణంలో.

"గుడికెళ్ళాం" అన్నాడు మూడవవాడు.

"అక్కడ గుడెక్కడుంది?" అన్నాడు నాలుగవవాడు, తెలియక.

సుధామణి జన్మంతా కథలు చెప్పిన మనిషి. ఎక్కడ ఆవలింత వస్తుందో, ఎక్కడ కుదుపు తగులుతుందో ఆమెకు తెలుసు. ఈ కుదుపు దగ్గర ఆరుగురూ కుడికాలు వెనక్కి లాక్కున్నారు. ఆమె చూపు అటు పడేలోగా పేరమ్మ చూపు పడింది.

"ఏమయ్యో! నీ బొటనవేలి గోరు ఎట్టా పోయిందో చెప్పు."

"చెప్పాగా, రాయి తగిలింది."

"ఆరుగురికీ ఒకే కాలికి ఒకే రాయి తగిలిందా? కోటీ, నీ ముందుపన్ను?"

"తాడు తగిలిందొదినా" అన్నాడు కోటి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"దొంగసచ్చినోళ్ళారా!" అన్నది పేరమ్మ. "మీరు ఆడారు!"

పోలరాజు తల వంచుకున్నాడు. 

"ఓడ ఎక్కేముందు కెప్టెన్ వచ్చాడమ్మా" అన్నాడు చివరకు. "పరదేశం వాళ్ళు ఇంటికొస్తే ఒక్క ఆటైనా ఆడకుండా పంపటం తమకు మర్యాద కాదన్నాడు. మేం ఆరుగురమే అన్నాం. మేమూ ఆరుగురమే దిగుతాం అన్నాడు. నర్సమ్మ తన చీర కోసి మన జెండా కుట్టింది. చక్రం రొట్టెడబ్బా మూత పెట్టి గీశారు, గీతలు ఇరవై నాలుగూ ఎంచి మరీ. రెండు జెండాలు ఎగరేశారు. మన జాతీయగీతం పాడించారు. మీరు ఇండియా, మేం మేం అన్నారు."

"ఇండియా తరఫున ఆడారా?" అన్నాడు తిరుపతిరావు. "మిమ్మల్ని సెలెక్షన్ చేసిందెవరు?"

"గాలివానండి."

"ఎన్ని గోళ్ళతో ఓడారు?"

"మూడు" అన్నాడు పోలరాజు.

"పద్నాలుగు" అన్నాడు కోటి. "నేను గోలు దగ్గర ఉన్నాను, నాకు తెలవదా? ఆపింది ఒక్కటే. అదీ పన్నుతో."

పోలరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేం ఓడితే ఓడాం, దేశం పేరు పెట్టి ఓడామమ్మా. మద్రాసులో దింపినాక ఆఫీసర్లు అడిగారు, ఇంకేమైనా దాచారా అని. ఏం చెప్తాం? వంద కోట్లమందిని రొట్టెలాయనకి అప్పజెప్పి వచ్చామని చెప్తామా? జైల్లో వేస్తారని ఆరుగురం ఒట్టేసుకున్నాం."

సుధామణి లేచి నిలబడింది. గజ్జె ఘల్లుమన్నది.

"పోలరాజూ, జెండా ఎగిరిందన్నావు. రిఫరీ ఉన్నాడా?"

"వాళ్ళ మంత్రేనండి. విజిల్ కూడా ఊదాడు."

"మీరు ఉపకారం తలచి ఓడిపోయారా? నిజం చెప్పు, అమ్మవారి సొత్తు ఇది."

పోలరాజు కొంచెం ఆలోచించాడు. ఆ దారి గౌరవంగా కనిపించింది కాబోలు, ఒక క్షణం ఆశగా చూశాడు. తరువాత తల అడ్డంగా ఊపాడు.

"లేదండి. గెలుద్దామనే ఆడాం. చచ్చేట్టు పరిగెత్తాం. అయ్యాక చూస్తే, ఊరు ఊరంతా మైదానంలోనే ఉందమ్మా. ముసలాళ్ళు కూడా. కెప్టెన్ ఇసకలో కూర్చుని పసిపిల్లోడిలా ఏడ్చాడు. ఎవరూ గెంతలేదు, అరవలేదు. గెలిస్తే ఏం చెయ్యాలో వాళ్ళకి తెలవదు గదా. కాసేపయ్యాక అందరూ మా దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నారు."

తిరుపతిరావు సన్నగా దగ్గి, "ఆరుగురేసి ఆడింది లెక్కలోకి రాదేమో అక్కయ్యగారూ. ఇంటర్నెట్‌లో ఇది లేదు" అన్నాడు.

"నువ్వు ఇంటర్నెట్‌కు మృదంగం వాయిస్తావా, నాకు వాయిస్తావా?" అన్నది సుధామణి. "రెండు జెండాలు, రెండు దేశాలు, ఒక విజిల్. పైగా ఓడినవారే సాక్షులు. ఇంతకంటే ప్రమాణం ఏ కథకూ లేదు. దీపాలు పెట్టించండి."

ఆ సాయంత్రం పాలెం మళ్ళీ గంగమ్మ గుడి ముందు కూర్చున్నది. కట్టిన గజ్జె కట్టినట్టే ఉన్నది కనుక సుధామణి కథను ఆగినచోటనే అందుకున్నది. ప్రతి విజయగాథకూ ఓడేవారు కావాలి. ఇంతకాలం ఆ పాత్రలకు ఆమె కోరలు, కొమ్ములు తగిలించి చెప్పింది. ఈసారి వారు ముందు వరుసలో లుంగీలు కట్టుకుని, తలలు వంచుకుని కూర్చున్నారు. వారి వంక చెయ్యి చాచి ఆశువుగా పద్యం అందుకున్నది.

బంతి వచ్చె నంచు పరుగిడి రార్గురు
వలలు విసురువారు, వలను గనరు;
బోర్ల పడిన వారి పొట్టల మీదుగ
దాటె దీవి బంతి దర్జగాను.

మొదట నవ్వింది పేరమ్మ. ఆపుకోలేక పక్కనున్నామె మీద పడి నవ్వింది. పాలెమంతా అందుకున్నది. పద్యం రెండవసారి పాడమన్నారు, మూడవసారి తామే పాడారు. గోలు గోలుకూ తిరుపతిరావు మృదంగం మీద ఒక దెబ్బ వేస్తే జనం లెక్కపెట్టారు. తొమ్మిది దాటాక పోలరాజు కూడా తలెత్తి లెక్కపెట్టాడు. పన్నెండవ గోలు దగ్గర కోటి లేచి, అది ఎడమవైపు నుంచి వచ్చిందని, కథలో కుడి అని చెప్పడం తప్పని సవరించాడు. కెప్టెన్ ఇసుకలో కూర్చున్న ఘట్టం వచ్చేసరికి మాత్రం నవ్వులు ఆగిపోయాయి. సుధామణి అక్కడ రాగం తియ్యలేదు, పోలరాజు చెప్పిన మాటలే ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. హారతి పళ్ళెం కదిలింది. నాయకులు ఒడ్డుకు చేరారు. మంగళం పాడింది.

ముడి విప్పబోతే రాలేదు. నెలల తరబడి నీళ్ళకు, చెమటకు బిగుసుకునిపోయి ఉంది. కోటి వల కోసే కత్తి తెచ్చాడు. "కొయ్యమాక!" అని పేరమ్మ కసిరి, సుధామణి పాదాన్ని ఒడిలో పెట్టుకుని, చిక్కుపడిన వలను విడదీసే చేతులతో ఓపికగా ముడి విప్పి, గజ్జెను కళ్ళకద్దుకుని అందించింది.

"వచ్చే జాతరకు మళ్ళీ ఇదే కథ చెప్పాలమ్మా" అన్నది. "ఈసారి పద్నాలుగూ ముందే చెప్పండి, మా ఆయన మూడంటాడు."

ఉగాది ముందురోజు సుధామణి నవమికి తాను సిద్ధమేనని సిద్ధార్థకు కబురు చేసింది. మ్యాజిక్ షో అతను పెట్టెతో సహా మరొక పందిరి చూసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె సందు వెంట నడిచివస్తూ ఉంటే ఎవరూ తల తిప్పలేదు. కుడికాలు మాత్రం అలవాటు చొప్పున ఇంకా మెల్లగానే వేస్తున్నది. అమలమ్మ గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ ఉన్నది. వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసేసరికి చేట ఎగిరిపడి బియ్యమంతా నేలపాలైంది.

"ఏందండీ వదినగారూ, దొంగలా వచ్చారు!" అన్నది అమలమ్మ గుండె పట్టుకుని. తరువాత ఆమె కాలి వంక చూసి, "గెలిచారా? ఎవరి మీద?" అన్నది.

"మన మీదే" అన్నది సుధామణి, కింద కూర్చుని బియ్యం ఎత్తుతూ.